ఆరు స్వరాల పరీక్ష

విజయనగరంలో జోగారావు మాస్టారికి ఒక అలవాటుంది. ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. నలభై ఏళ్ళు ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించి, ఇప్పుడు ఇంటి దగ్గర పాఠాలు చెప్పుకుంటున్న మనిషి. ఆయన దగ్గరకి ప్రశ్నతో వెళ్ళి, ప్రశ్నతోనే తిరిగొచ్చి, ఈయనకి తెలీక దాటేస్తున్నాడులే అనుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆయన శిష్యురాలు ఇందుమతి కూడా రెండు రోజులపాటు అలాగే అనుకుంది.

ఆమె అడిగింది చిన్న ప్రశ్నే. "సింథసైజర్ మీద చెయ్యనా మాస్టారూ, కంప్యూటర్‌లో చెయ్యనా?"

అడగడానికి చిన్నదే గానీ, మూడు వారాలుగా అది ఆమెను తిననివ్వడం లేదు, ఒక చోట కూర్చోనివ్వడం లేదు. ఆరేళ్ళుగా ఇందుమతి ఎవరెవరి పాటలకో వాద్యాలు అమర్చి పెడుతోంది. తన పేరు ఎక్కడా పడలేదు. ఇన్నాళ్ళకి నాట్యగురువు మాణిక్యాంబ గారు పిలిచి, సముద్రం ఒడ్డున ఉప్పు పండించే ఆడవాళ్ళ మీద ఒక నృత్యరూపకం చేస్తున్నాను, సంగీతం నువ్వే చెయ్యమ్మా, కరపత్రం మీద నీ పేరే వేస్తాను అన్నారు. అయితే మొదటి రంగానికి సంగీతం ఈ శుక్రవారానికల్లా చేతికి రావాలి. రాకపోతే ఎక్కడో ఎవరో చేసి అమ్ముకుంటున్న సంగీతం తెచ్చి పెట్టుకుంటాను, పిల్లల్ని ఎన్నాళ్ళని ఊరికే నిలబెట్టను అని కూడా ఖరాఖండిగా చెప్పేశారు. మాస్టారి దగ్గరకి ఇందుమతి వెళ్ళింది మంగళవారం నాడు. అప్పటికి ఆమె చేతిలో ఆ రూపకానికని ఒక్క స్వరం లేదు.

ఊరికే మాత్రం కూర్చోలేదు పాపం. మొదటి వారం లాప్‌టాప్‌ని మంచం మీదకి నెట్టి సింథసైజర్‌ని బల్ల మీద పెట్టింది. రెండో వారం సింథసైజర్ మంచమెక్కింది, లాప్‌టాప్ బల్ల మీదకొచ్చింది. మూడో వారం రెండూ బల్ల మీదే ఉన్నాయి, అన్నం కంచానికి చోటు లేకుండా. తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. సగం మంది ఇదన్నారు, సగం మంది అదన్నారు. మిగిలిందల్లా మాస్టారే.

"సింథసైజర్ అయితే చేతికి పని ఉంటుంది మాస్టారూ," అని మొదలుపెట్టింది. "నాబ్ ఇంత తిప్పితే శబ్దం కరుకెక్కుతుంది, అంత తిప్పితే మెత్తబడుతుంది. కానీ నిన్న వచ్చిన శబ్దం ఇవాళ రమ్మంటే రాదు. వేడెక్కితే శ్రుతి జారిపోతుంది. కంప్యూటర్ అయితే అన్నీ దాచుకోవచ్చు, తప్పు చేస్తే వెనక్కి పోవచ్చు. వేల శబ్దాలు. ఆ వేలల్లో వెతుక్కుంటూ ఉండగానే పొద్దు గూకిపోతుంది. పైగా మౌస్ పట్టుకుంటే నాకు సంగీతం చేస్తున్నట్టుండదు, దరఖాస్తు నింపుతున్నట్టుంటుంది."

మాస్టారు స్పిరిట్‌లో దూది ముంచి తన పాత కీబోర్డు మెట్లు ఒక్కొక్కటే తుడుచుకుంటున్నారు. ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. చివరికి, "ఇంటికెళ్ళి రెండింటి మీదా ఏదో ఒకటి వాయించి, ఈ పూటే పెన్‌డ్రైవ్‌లో తెచ్చివ్వు. గురువారం సాయంత్రం మాణిక్యాంబ గారి స్కూలుకి రా, అక్కడ చెబుతాను," అన్నారు.

కీబోర్డు వాయించే ప్రతి మనిషికీ ఒక పరీక్ష బిట్ ఉంటుంది. కొత్త వాద్యం కనిపించినా, మైకు పనిచేస్తోందో లేదో చూడాలన్నా, మనసుతో పని లేకుండా వేళ్ళే దాన్ని వాయించేస్తాయి. ఇందుమతిది ఆరు స్వరాల బిట్. నాలుగు మెట్లు ఎక్కుతుంది, అక్కడ కాస్త తటపటాయిస్తుంది, ఒక మెట్టు దిగుతుంది, మళ్ళీ పైకి లేవబోయి ఆగిపోతుంది. పరీక్షకి అంతకంటే అక్కర్లేదు గనక అక్కడితో సరి. మాస్టారి కోసం దాన్నే సింథసైజర్ మీద పదిసార్లు, కంప్యూటర్‌లో పదిసార్లు, ప్రతిసారీ శబ్దం కొద్దికొద్దిగా మారుస్తూ వాయించింది. ఇరవయ్యీ ఒకే ఫైల్‌లో వరసగా పెట్టి, ఆ పూటే ఆయనకి ఇచ్చేసి వచ్చింది.

ఆ రెండు రోజులూ ఆమె పడ్డ అవస్థ చెప్పనలవి కాదు. బుధవారం పొద్దున సింథసైజర్ అమ్మేద్దామని ఎవరినో రమ్మంది, మధ్యాహ్నానికి రావద్దంది. వైర్లన్నీ పీకింది, మళ్ళీ తగిలించింది. మాస్టారు ఏదో ఒకటి తేల్చేస్తే గురువారం రాత్రంతా కూర్చుని శుక్రవారానికి ఇచ్చెయ్యొచ్చని లెక్కలు వేసుకుంది. అంతలోనే ఆయన మీద కోపం వచ్చింది. మంగళవారమే ఒక్క మాట చెప్పేస్తే ఆయన సొమ్మేం పోయిందని విసుక్కుంది. విసుగు కింద ఉన్నది భయం. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఒప్పుకోలేదంతే.

గురువారం సాయంత్రం ఆమె వెళ్ళేసరికి డాన్సు స్కూల్లో చాపలు చుట్టి గోడకి ఆనించి ఉన్నాయి. మాస్టారు ఒక మూల కుర్చీలో కూర్చున్నారు. హాలు మధ్యలో మాణిక్యాంబ గారు, చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఒక్కరే నాట్యం చేస్తున్నారు. స్పీకర్‌లోంచి వినిపిస్తున్నది ఇందుమతి పరీక్ష బిట్.

ఆమెకు ప్రాణం పోయినంత పనైంది. నేరుగా వెళ్ళి స్పీకర్ ఆపేసింది. "అది పాట కాదండీ," అంది. "పరీక్ష కోసం వాయించింది. మాస్టారికని ఇచ్చాను, మీదాకా వస్తుందనుకోలేదు. క్షమించండి."

"మాస్టారు మంగళవారం సాయంత్రమే తెచ్చిచ్చారు," అన్నారు మాణిక్యాంబ గారు, చెమట తుడుచుకుంటూ. "ఇందుమతి పంపించింది అన్నారు, అంతే. రెండు రోజుల్నించీ దీంతోనే ఉన్నాను. కూర్చో, చూద్దువు గాని."

ఆవిడే మళ్ళీ స్పీకర్ పెట్టారు. నాలుగు స్వరాలకి నాలుగడుగులు, గట్టు మీద నడిచే అడుగులు. తటపటాయింపు దగ్గర ఆగి ఉప్పునీళ్ళలోకి చూశారు. ఒక మెట్టు దిగినచోట ఉప్పుమడిలోకి దిగారు. ఉప్పు కోసిన పుండు మీద నీళ్ళు తగిలి మంటెత్తిన కాలు పైకి లేచింది. అదే ఆరు స్వరాలు మళ్ళీ వచ్చాయి. ఈసారి ఎండ ఎక్కింది. మరోసారి వచ్చాయి, తల మీదకి తట్ట వచ్చింది. ఇరవైసార్లూ ఆ ఉప్పుమడి మనిషి దిగుతూనే ఉంది, కాలు లేస్తూనే ఉంది. ఇందుమతికి ఏడుపు ముంచుకొచ్చింది. ఏ వయసులోనో వేళ్ళకి పట్టుబడి, వేలసార్లు వాయించి, ఒక్కసారైనా తను విననిది అది.

ఇరవయ్యోసారి అయిపోయింది. మాణిక్యాంబ గారు ఎత్తిన కాలు గాలిలోనే ఉంచి, "ఇక్కడితో ఆపేశావు," అన్నారు. "తర్వాతేటి?"

ఇందుమతి కళ్ళు తుడుచుకుంది. ఆ నిమిషంలో కూడా ఆమె అడిగింది ఇదీ: "మొదటి పదీ బాగున్నాయా అండీ, తర్వాత పదా?"

మాణిక్యాంబ గారు అర్థం కాక మాస్టారి వైపు చూశారు. "మొదటి పదేటి, తర్వాత పదేటి? అంతా ఒకటే కదా. పొద్దున్నించి సాయంత్రం దాకా ఒక ఆడమనిషి."

ఇందుమతి కుర్చీ లాక్కుని మాస్టారి పక్కన కూర్చుంది. శుక్రవారానికి ఇంక ఒక్క రాత్రే ఉంది, మూడు వారాల అలవాటు ఒక్క సాయంత్రంలో ఎక్కడికి పోతుంది. మెల్లగా అడిగింది. "అయితే మాస్టారూ, మిగతాది దేని మీద చెయ్యను?"

మాస్టారు ఆమె వైపు చూడలేదు.

"ఆవిడ ఒంటికాలి మీద నిలబడి రెండు రోజులైంది," అన్నారు. "ముందు ఆ రెండో కాలు ఎక్కడ పెట్టాలో చెప్పమ్మా."