ముప్పై ఆరు జాడీలు, ఒక ముత్యాలు బావ

ఈ కథ అబద్ధమని అనుమానం ఉన్నవాళ్ళు ఇప్పుడే చెయ్యెత్తండి. ఎత్తారా? సరే. కథ అయ్యేదాకా ఆ చెయ్యి దించడానికి వీల్లేదు. నొప్పెడితే నా పూచీ లేదు. నేను చెప్పేదాంట్లో ఒక్క అక్షరం తప్పున్నా మీసం తీయించుకుంటాను. మీసమేదని అడక్కండి, అది వేరే కథలో పోయింది.

ఆ రోజుల్లో అనకాపల్లిలో తెలివి అనే మాట ఎత్తితే జనం మా ఇంటివైపే చూసేవారు. నవ్వుతూ ఎందుకు చూసేవారో నాకిప్పటికీ తెలీదు. మా అక్క మొగుడు ముత్యాలు బావ ఒకసారి చీకట్లో అద్దం చూసుకుని, ఇంట్లో ఎవరూ లేరని నిర్ధారణ చేసుకుని, బయట తాళం వేసొచ్చాడు. అంత ముందుచూపు. మా తమ్ముడు దాలినాయుడు గడియారం ఆగిపోతే సంతోషించేవాడు, టైము వృథా కావడం లేదని. ఇక నా సంగతంటారా? సొంత డప్పు కొట్టుకోకూడదు గానీ, వాళ్ళిద్దరికీ సలహాలిచ్చేవాణ్ణి నేనే, నూకరాజుని.

మా మేనమామ గంగునాయుడికి ఒక్క లారీ ఉండేది. దాని మీదే మా అందరి కూడూ. అప్పటికి మేం దాన్ని మూడు ట్రిప్పులు తిప్పాం. మూడోసారి ఐసుదిమ్మలు వేసుకెళ్ళి, పాపం చలికి వణుకుతున్నట్టున్నాయని ఎండలో ఆరబెట్టాం. మావయ్య వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు పిలిచాడు.

"ఒరే, ఇదే ఆఖరుసారి. నేపాల్లో వీర్‌గంజ్ అని ఊరుంది. అక్కడ బ్యాటరీల కంపెనీకి ముప్పై ఆరు జాడీల యాసిడ్డు చేరాలి. ఒక్క చుక్క కారకూడదు. సరుకిచ్చి రసీదు తెచ్చారా, లారీ మీ ముగ్గురిదీ. రసీదు లేకుండా వచ్చారా, లారీ అమ్మేసి మిమ్మల్ని గేదెల వెనక తోలేస్తాను."

గేదెలంటే మాకు భయం. అవి మమ్మల్ని చూసే చూపే బాగోదు.

బయల్దేరేటప్పుడు మావయ్య లారీ పక్కకొచ్చి వేలు చూపించి మరీ చెప్పాడు. "అది యాసిడ్డురా. ఒళ్ళు దగ్గర పెట్టుకోండి. కళ్ళల్లో వత్తులేసుకుని చూసుకోండి. ఎక్కడైనా హద్దు దాటారో, తోలు తీస్తాను."

అంతే. మా ఇంట్లో పెద్దల మాటంటే వేదం. ముందు ముగ్గురం ఒళ్ళు దగ్గర పెట్టుకున్నాం. ఎంత దగ్గరంటే, దాలినాయుడు నా ఒళ్ళో, నేను బావ ఒళ్ళో. గేరు మార్చాలంటే ముగ్గురం కలిసి లేవాలి. తర్వాత అక్క దగ్గర దూది తీసుకుని వత్తులు చేసి కళ్ళల్లో పెట్టుకున్నాం.

"అన్నా, వెలిగించొద్దా?" అన్నాడు దాలినాయుడు.

"పట్టపగలు దీపాలెందుకురా, తెలివితక్కువ వెధవా!" అన్నాడు బావ.

బండి కదిలింది. కదిలిన నాలుగు నిమిషాలకి గడ్డివామిలో దూరింది. నాకు పెద్ద ధర్మసంకటం వచ్చిపడింది. వత్తులు తీస్తే మాట తప్పినట్టు, ఉంచితే రోడ్డు తప్పినట్టు. చివరికి నేనే ఉపాయం కనిపెట్టాను. ఎడం కంట్లో వత్తి, కుడి కంట్లో రోడ్డు. అందుకే ఇప్పటికీ ఒరిస్సా అంటే నాకు కుడివైపే తెలుసు.

అన్నట్టు, సరుకెక్కించేటప్పుడే యాసిడ్డు కంపెనీ మేనేజరు పుర్రె బొమ్మ ఉన్న రేకులు రెండు ఇచ్చి, "ఇవి ముందొకటి, వెనకొకటి కనబడాలి, అప్పుడే జనం దూరంగా ఉంటారు" అన్నాడు. ఎవరికి ముందు, ఎవరికి వెనక? ఆయన చెప్పలేదు. వయసులో పెద్ద కాబట్టి బావకి కట్టాం. ఛాతీ మీద ఒక పుర్రె, వీపు మీద ఒక పుర్రె. బావకి పెళ్ళిలో కూడా అంత కళ రాలేదు.

బరంపురం దాటాక ఒక టీకొట్టు దగ్గర ఆపాం. ముందు బావ దిగాడు. ఇంకేముంది! బెంచీల మీదున్న పదిమందీ గ్లాసులొదిలేసి పరుగు. కొట్టువాడు బజ్జీలు నూనెలోనే వదిలేసి గోడ దూకాడు.

"ఏం మర్యాదస్థులురా! కొత్తవాడొచ్చాడని కొట్టంతా ఇచ్చేశారు" అని బావ బజ్జీలు దేవుకుని కూర్చున్నాడు.

నాలుగో బజ్జీకి పోలీసులొచ్చారు. వాళ్ళ ఎస్సై మన తెలుగాయనే. పది బారల దూరంలో నిలబడి అరిచాడు.

"ఎవడ్రా నువ్వు? ఆ పుర్రె ఏంటి?"

"ప్రమాదకరమైన సరుకండి. దగ్గరికి రాకండి బాబూ, చిందుతాను" అన్నాడు బావ, నోట్లో బజ్జీతో.

ఎస్సై కాసేపు బావని చూశాడు, కాసేపు ఖాళీ నుదురుతో ఉన్న మా లారీని చూశాడు. నెత్తి కొట్టుకుని, "ఓహో, సరుకువా? మరి సరుక్కి టీకొట్లో ఏం పని? తీసుకెళ్ళి జాడీల మధ్య గడ్డిలో పెట్టండి!" అన్నాడు.

ఆయన వెటకారంగా అన్నాడట. మేం చట్టంగా తీసుకున్నాం. బావని లారీ వెనక, జాడీల వరసలో, గడ్డి చుట్టి, తాడేసి కట్టాం. ఆ క్షణం నుంచీ బావ సరుకైపోయాడు. అన్నం పెడితే "సరుక్కి ఆకలేంటి?" అనేవాడు. మేం పక్కకి తిరగ్గానే ఆకు ఖాళీ. రోడ్డు మీద గుంటొస్తే మాత్రం, "మెల్లిగా! ఈ వైపు పైకి!" అని కేకేసేవాడు.

ఆరో రోజుకి రక్సౌల్ చేరాం. అక్కడ మన దేశం అయిపోతుంది. మా ముందున్న లారీ డ్రైవరు రాజమండ్రివాడు. వంతెన మీది తెల్లగీత చూపించి, "అదేనన్నా హద్దు. దాటితే నేపాలే" అన్నాడు.

నా కాలు ఠపీమని బ్రేకు మీద పడింది.

"హద్దా?" అన్నాను.

"హద్దే."

"అన్నా, తోలు!" అన్నాడు దాలినాయుడు, రెండు చేతుల్తో తన తోలు పట్టుకుని.

హద్దు దాటితే తోలు పోతుంది. దాటకపోతే లారీ పోతుంది. రెండు గంటలు ఆలోచించాను. వెనక నూటయాభై లారీలు, గిట్టనివాళ్ళు నలభై అంటారు, ఒకటే హారన్లు. నాకు మాత్రం ఆ మోతలోనే మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"ఒరే, మావయ్య మనల్ని దాటొద్దన్నాడు. సరుకుని దాటొద్దన్నాడా?"

"నేను సరుకుని! నాకు పర్లేదు!" అని వెనక నుంచి బావ.

అంతే. లారీ న్యూట్రల్లో పెట్టి, మేమిద్దరం దిగి, వెనక నుంచి తోశాం. గీత దగ్గరికి రాగానే కాలివేళ్ళు గీతకి ఆనించి ఆగిపోయాం. లారీ ఆగలేదు. వంతెన అవతల వాలుంది. డ్రైవరు లేకుండా, రథంలా, ఠీవిగా, ముప్పై ఆరు జాడీలూ ఒక బావతో మా లారీ నేపాల్లోకి నడిచిపోయింది. చుట్టూ జనం దండాలు పెట్టారంటే నమ్మండి. పరిగెత్తారని కొందరంటారు. కస్టమ్స్ గేటు దగ్గరున్న ఇసక బస్తాలకి మూతి ఆనించి, బుద్ధిమంతురాల్లా ఆగింది. ఒక్క చుక్క కారలేదు!

కస్టమ్స్ ఆఫీసరు వచ్చి ఈ తలుపు తీశాడు, ఎవరూ లేరు. ఆ తలుపు తీశాడు, ఎవరూ లేరు. వెనక్కెళ్ళి చూస్తే గడ్డిలో పుర్రె, పుర్రె మీద మా బావ తలకాయ. ఆయన హిందీలో ఏదో అడిగాడు. బావకి హిందీ రాదు. వచ్చినా సరుకు మాట్లాడదు. పైకి చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడాయన గీతకి ఇవతల చేతులు కట్టుకుని నిలబడ్డ మమ్మల్ని చూశాడు. గబగబా వచ్చి, చెరో చెవీ పట్టుకుని, గీతకి అవతలికి ఈడ్చుకెళ్ళాడు. గమనించండి. మేం హద్దు దాటలేదు. ఆయన దాటించాడు. చెవి కొంచెం సాగిందంతే, తోలు దక్కింది.

తర్వాత సరుకు లెక్కపెట్టాడు. కాగితంలో ముప్పై ఆరు. జాడీల మీదా పుర్రె బొమ్మలే కాబట్టి, బండిలో పుర్రె బొమ్మ ఉన్నవి ముప్పై ఏడు. ఆయన బావ వైపు చూపించి, ఒక వేలెత్తి, 'ఒకటి దించండి' అన్నట్టు సైగ చేశాడు. ఇంటల్లుణ్ణి నడిరోడ్డు మీద దించేస్తే అక్క ఊరుకుంటుందా? బావ పక్కనున్న జాడీ దించి, నీడలో ఇసక మీద భద్రంగా పెట్టాం. ఇప్పుడు సరిగ్గా ముప్పై ఆరు. ఆఫీసరు మాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, గేటు తీయించాడు.

బ్యాటరీల కంపెనీలో సరుకు చూసుకునే పెద్దమనిషి సర్వేశం గారు, సామర్లకోట వాస్తవ్యులు. తెలుగు వినపడగానే ఆయన కళ్ళు చెమర్చాయి. లెక్కపెట్టాక అవే కళ్ళు తేలేశాడు.

"ముప్పై అయిదే ఉన్నాయేంటయ్యా?"

"ముప్పై ఆరోది నేనండి" అని బావ ముందుకొచ్చాడు.

"నిన్నేం చేసుకోను? బ్యాటరీలో పొయ్యనా?"

బావ తెల్లబోయి రెండడుగులు వెనక్కేశాడు. జరిగింది చెప్పాం. ఆయన దేవుడు బాబూ! "సరేలెండి, ఆ ఒక్క జాడీ మావాళ్ళు వెళ్ళి తెచ్చుకుంటారు. మీ లారీ పోకూడదు. మొత్తం సరుకు ముట్టినట్టు రసీదు రాసిచ్చేస్తాను" అని కలం తీశాడు.

లారీ మాదైపోయినట్టే. నేనైతే అప్పుడే హారనెక్కడ మార్చాలో ఆలోచిస్తున్నాను. ఇంతలో మా దాలినాయుడు, "ఆగండి. ఎప్పుడు ముట్టింది?" అన్నాడు.

"ఏంటి?"

"సరుకు. మేం చూస్తూనే ఉన్నాంగా. మీరు ముట్టనే లేదు."

"ముట్టడమంటే చేరడమయ్యా!"

"చేరడమంటే చేరడం, ముట్టడమంటే ముట్టడం. మాకు తెలుగు నేర్పకండి" అన్నాడు బావ.

సర్వేశం గారు పళ్ళు కొరుక్కుని, వెళ్ళి ఒక జాడీ మీద చెయ్యేశాడు. "ఇదిగో, ముట్టాను. చాలా?"

"అది జాడీ అండి. సరుకు లోపలుంది" అన్నాను నేను. న్యాయం న్యాయమే కదా.

"అయితే యాసిడ్లో వేలు పెట్టమంటావా?"

"అమ్మమ్మ, వద్దండి! చెయ్యి కాలిపోతుంది. మీలాంటి మంచివారికి ఆ కష్టం మేం పెట్టం. అలాగని ముట్టని సరుక్కి ముట్టినట్టు దొంగ రసీదు మాత్రం పుచ్చుకోం. మా వంశంలో లేదు."

ఇంకేముంది! లారీ తిప్పేశాం. సర్వేశం గారు రసీదు ఊపుకుంటూ గేటుదాకా, గేటు దాటి అరమైలుదాకా మా వెనకాలే పరిగెత్తాడు. ఎంత ప్రేమో! మేమూ చెయ్యూపాం. హద్దు దగ్గర అదే ఆఫీసరు. ఈసారి చెవులు మేమే చూపించాం. దాటించి, మా జాడీ ఆయనే మోసుకొచ్చి ఎక్కించాడు.

పన్నెండు రోజుల తర్వాత అనకాపల్లిలో లారీ ఆగింది. మావయ్య ఎదురొచ్చాడు.

"రసీదేదిరా?"

"రసీదెందుకు మావయ్యా, సరుకే తెచ్చాం! చూసుకో, ముప్పై ఆరూ ఉన్నాయి, ఒక్క చుక్క కారలేదు."

మావయ్య వెనక తలుపు తీసి చూశాడు. జాడీల మధ్య నుంచి బావ చిరునవ్వు నవ్వాడు. మావయ్య నేల మీద కూలబడి, రెండు చేతుల్తో నెత్తి బాదుకున్నాడు.

"నా నోట్లో మట్టి కొట్టారు కదరా!"

దాలినాయుడికి ప్రాణం ఉసూరుమంది. "మన దగ్గర మట్టెక్కడుంది మావయ్యా? ఉన్నదంతా యాసిడ్డేగా!" అని ఒక జాడీ మీద చెయ్యేశాడు.

అంతే. అరవై ఏళ్ళ మావయ్య రెండు చేతుల్తో నోరు మూసుకుని ఒక్క గెంతు గెంతాడు. లారీ ఎక్కాడు. బావ దూకేలోగా స్టార్టు చేశాడు. మళ్ళీ వీర్‌గంజ్ వెళ్ళి, సరుకిచ్చి, రసీదు పుచ్చుకుని, లారీని రక్సౌల్లో అమ్మేసి రైల్లో వచ్చాడు. మేం గేదెల వెనక పడ్డాం. బావ మాత్రం ఆర్నెల్లదాకా రాలేదు. లారీతో పాటు అమ్మేశారనుకుని, కొన్నవాడింట్లో గడ్డిలోనే కూర్చున్నాడట.

చేతులెత్తినవాళ్ళు ఇక దించొచ్చు. ఇంకా అనుమానముంటే సామర్లకోట వెళ్ళి, ఉద్యోగం మానేసి వచ్చేసిన ఆ పెద్దమనిషిని అడగండి. అరమైలు పరిగెత్తినప్పటి ఆయాసం ఆయనకింకా తీరలేదు. పేరు రాసుకోండి: భాగవతుల సర్వేశం.