నూకాలు ఉప్పుకుప్ప ఎక్కిన రోజు

ఇదిగో అమ్మడూ, ఇది అబద్ధమనే ధైర్యం నీకుంటే ఇప్పుడే లేచి కూర్చో. లేవవూ? అయితే ఊకొట్టు.

అనగనగా విక్టోరియా రాణి రోజుల్లో, సముద్రపొడ్డున ఉప్పు పండే ఒక ఊళ్ళో మా అమ్మమ్మ నూకాలు ఉండేది. ఐదో ఏట తమ్ముణ్ణి చంకనేసుకుంది. ఏడో ఏట నీళ్ళు మోసింది. ఒక కుండ అనుకునేవు, ఏడు కుండలు, ఒకదాని మీదొకటి! తొమ్మిదో ఏట వాళ్ళమ్మ పాదాలు ఉప్పునీళ్ళకి పగిలి, లేవలేకపోయింది. పనికి రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇంట్లో పొయ్యి వెలగదు. అప్పుడు అమ్మ గంప నూకాలు నెత్తికెక్కింది.

మొదటి రోజు మడిలో ఉప్పు పోగుచేసింది. రెండో రోజు గంపలు మోసింది. ఎంత మోసిందంటే, కుప్ప కొబ్బరిచెట్టంత లేచింది.

ఆ సాయంత్రం అక్కడున్న పన్నెండు కుప్పల మీదా తడిమట్టి పూసి, చెక్కముద్ర కొట్టారు. అది సర్కారు పద్ధతి. ఎవరైనా పిడికెడు ఉప్పు తీస్తే ముద్ర చెదిరి దొరికిపోతారు. ఇనస్పెక్టరు వచ్చి చూసేదాకా కుప్పని ముట్టకూడదు. ముట్టినవాళ్ళకి ఇక అక్కడ పని లేదు.

మూడో రోజు పొద్దున్నే సముద్రం మీద మబ్బు లేచింది. ఇనస్పెక్టరు ఇంకా రాలేదు. తాటాకులు పక్కనే ఉన్నాయి. కప్పాలంటే కుప్ప ఎక్కాలి, ఎక్కితే ముద్ర పోతుంది. అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

నూకాలు ఎక్కేసింది!

"ఓలమ్మీ, దిగే! నీ పనీ పోతాది, మీయమ్మ పనీ పోతాది!" అని మేస్త్రి అరిచాడు.

"ఉప్పే పోతే ఇంకేటి పని సేస్తాం, మావా?" అంది నూకాలు.

మొదటి చినుకు నేలని తాకేలోగా వంద తాటాకులు కప్పింది. ఆ తర్వాత అవి ఎగిరిపోకుండా వాటి మీద బోర్లా పడుకుంది. వానా అది? ఏనుగులు తొండాలతో గుమ్మరించినట్టు!

వాన వెలిశాక ఇనస్పెక్టరు ఒంటెద్దు బండిలో వచ్చాడు. "ఈ ముద్ర చెరిపిందెవరు?" అన్నాడు.

"నానే బాబూ. సెరపని కుప్పలు ఏవీ, సూపించండి."

చూశాడు. ఎవరూ ముట్టని కుప్పలు పదకొండూ నీళ్ళై కాలవలో పోతున్నాయి. అప్పుడు చాలాసేపు మీసం పీక్కున్నాడు. "తప్పు తప్పే. చెరిపినవాళ్ళే మళ్ళీ కొట్టాలి" అని చెక్కముద్ర తెప్పించి నూకాలు చేతిలో పెట్టాడు.

కొట్టింది. ఆ దెబ్బకి సముద్రం మూడడుగులు వెనక్కి పోయింది! ఆనాటి నుంచి గంపా దానిదే, ముద్రా దానిదే. మబ్బు పడితే ముందు కప్పడం, ముద్ర సంగతి తర్వాత చూసుకోవడం ఆ ఊరి పద్ధతైపోయింది.

కథ పోయింది కంచికి,
ఉప్పు పోయింది సంచికి,
కునుకు రానీ కంటికి.

ఏమిటా నవ్వు? సముద్రం వెనక్కి పోలేదంటావా? ఇనస్పెక్టరు బండి తోలినవాడు కళ్ళారా చూశాడు. పోయి అడుగు, వాడి పేరు గేదెల సూరప్పడు.