ఇంగువ కొట్టు తలుపు

అనగనగా చిత్రపురం అని ఒక ఊరు. ఆ ఊరి బజారులో బియ్యం కొట్లకు లెక్కలేదు, బట్టల కొట్లకు కొదవలేదు. ఇంగువ కొట్టు మాత్రం ఒక్కటే. దాని యజమాని పేరు దిలావరు.

అతని తాత ఏనాడో మంచుకొండల సీమ నుంచి ఇంగువ మూట నెత్తిన పెట్టుకుని వచ్చి, ఈ ఊళ్లోనే పాతుకుపోయాడు. దిలావరు పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. మంచు ఎలా ఉంటుందో పాపం అతనికి తెలియనే తెలియదు. ఊళ్లో అతని ఇంగువ పడని చారు లేదు.

ఒకనాడు రాజధాని నుంచి పిడుగులాంటి వార్త వచ్చింది. రాజుగారు ఊరేగింపులో ఉండగా ఎవడో బాకు విసిరి చంపేశాడట! వాడు కొండసీమ వాడట!

ఊరు ఊరంతా గొల్లుమంది. మంచి రాజు, కరువులో గాదెలు తెరిచి గింజలు పంచిన రాజు. చావు వచ్చినప్పటి ఆ ఊరి ఆచారం ప్రకారం బజారులో తలుపులన్నీ మూతపడ్డాయి. పెద్దకర్మ అయ్యేదాకా ఏ వాకిట్లోనూ దీపం పెట్టకూడదు.

ఇంగువ కొట్టు తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది. పైగా గడపలో దీపం!

"చూశారా! మన రాజు పోతే వీడికి పండగ!" అన్నారు జనం.

నిజానికి కొండసీమ వాళ్లు చావు వచ్చినప్పుడు తలుపు మూయరు. ఏడ్చేవాడికి తలుపు తట్టే ఓపిక ఉండదు, వాడు నేరుగా లోపలికి రావాలి అని వాళ్ల నమ్మకం. తాత చెప్పాడు, తండ్రి పాటించాడు, దిలావరూ అదే చేశాడు. అడిగితే చెప్పేవాడే. అడిగిన నాథుడు లేడు.

మొదట మాటలు ఆగిపోయాయి. "ఏం దిలావరూ" అని పిలిచే నోళ్లు అతన్ని చూసి పక్కకు తిరిగాయి. ఆ నోళ్లే ఇంటికి వెళ్లి ఇంగువ చారు కమ్మగా జుర్రుకున్నాయి. ఆ ఇంగువ ఏ ఊరిదని మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

తరువాత చేతులు లేచాయి. కుర్రకారు గుంపుగా వచ్చి బురద చల్లారు, జాడీలు పగలగొట్టారు. బజారంతా ఇంగువ వాసన గుప్పుమంది.

దిలావరు భార్య నూరి నిండు చూలాలు. పెంకులు ఏరుతూ ఆమె, "ఆ తలుపు మూసేయరాదూ! వాళ్ల కోపమైనా చల్లారుతుంది" అంది.

"పోయింది మన రాజే నూరీ. మా అయ్య పోయినప్పుడు తెరిచిన తలుపు, రాజు పోతే మూయనా?" అన్నాడు దిలావరు. భయం లేక కాదు. అయినా దీపంలో నూనె పోశాడు.

మూడోసారి ఊరే కదిలి వచ్చింది. ముందు నడిచినవాడు అంకినీడు. ఆయన బట్టల వర్తకుడు, ఊరిపెద్ద. మూడేళ్ల క్రితం ఒక్కగానొక్క కొడుకు ఏట్లో పడి పోయాడు. అప్పటి నుంచి ఆయన మొహాన నవ్వు లేదు. ఆయన చేతిలో రాయి ఉంది.

"పొద్దుగూకేలోగా ఊరు విడిచి మీ దేశానికి పో!" అన్నాడు అంకినీడు.

"మా దేశం ఇదేనయ్యా. ఆ కొండలు నేను కలలో కూడా చూడలేదు. ఈ చూలాలిని తీసుకుని ఎక్కడికి పోను?"

"అయితే ఈ తలుపేమిటి? ఈ దీపమేమిటి? ఏం సంబరమని?"

హమ్మయ్య, ఇన్నాళ్లకు ఒక్కరు అడిగారు!

"సంబరం కాదయ్యా, దుఃఖం. చావు వస్తే మేము తలుపు మూయం. తమ అబ్బాయి పోయినప్పుడూ ఈ తలుపు ఇలాగే తెరిచి పెట్టాను. ఈ గడప మీదే కదా తమరు వచ్చి కూర్చున్నారు!"

అంకినీడుకు గుర్తొచ్చింది. బిడ్డ లేని ఇంట్లో ఉండలేక పిచ్చివాడిలా వీధులు తిరిగిన రోజులవి. ఆ వీధిలో తెరిచి ఉన్న తలుపు ఇదొక్కటే. ఇక్కడ కూలబడితే దిలావరు ఏమీ అడగకుండా మజ్జిగ ముంత చేతికిచ్చి, పక్కనే కూర్చున్నాడు. బేరాల కోసం కొట్టు తెరిచాడని అనుకున్నాడు తను.

"ఆ తలుపు... నా బిడ్డ కోసమా?"

"మరెవరి కోసమయ్యా?"

రాయి చేతిలోంచి జారింది. అంకినీడు ఆ గడప మీదే కూర్చుని, కొడుకునూ రాజునూ తలుచుకుని బావురుమని ఏడ్చాడు. దిలావరు మజ్జిగ తెచ్చి పక్కన కూర్చున్నాడు.

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, ఏదో పని గుర్తొచ్చినట్టు జారుకున్నారు. జాడీలు పగలగొట్టిన వాళ్లు మళ్లీ ఆ వైపు రాలేదు. కొందరైతే గొణుగుతూనే ఉన్నారు. నూరి ఆ ఊళ్లోనే, ఆ కొట్టు వెనక గదిలోనే, పండంటి ఆడపిల్లను కన్నది.

అంకినీడు ఏడ్చిన ఆ సాయంత్రం బజారులో రెండు తలుపులు తెరిచి ఉన్నాయి. ఒకటి ఇంగువ కొట్టుది. రెండోది అంకినీడు బట్టల కొట్టుది. దాని గడపలోనూ చిన్న దీపం వెలుగుతోంది.

కాబట్టి పిల్లలూ, ఒకడు చేసిన పాపాన్ని వాడి వాళ్లందరికీ అంటగట్టకూడదు. రాయి ఎత్తే ముందు ఒక్క మాట అడగాలి.