నూట నాలుగో జోలపాట

అనగనగా ఆచంట దగ్గర ఒక ఊళ్ళో ఒక మాణిక్యాంబ, ఆవిడకో కంప్యూటరు. ఊఁ కొడుతున్నావా? మంచిది.

మాణిక్యాంబకు వాళ్ళమ్మ పాడిన జోలపాటలు నూట నాలుగు వచ్చు. కానీ ఈ మధ్య పాడుతూ పాడుతూ మధ్యలో ఆగిపోతోంది. "ఇవి నాతో పోకూడదు" అని పట్టు పట్టింది. ఒంటివేలితో ఒక్కో అక్షరం కొట్టి, పాటలన్నీ కంప్యూటరులో ఎక్కించడం మొదలుపెట్టింది.

అప్పుడు దసరా వచ్చింది. ఆయుధపూజ అని ఆ పెట్టెకు పసుపు రాసి, కుంకుమ చల్లి, బంతిపూల దండ వేసి, పట్టుగుడ్డ కప్పింది. పెట్టె కాసేపు గుర్రుమంది, వేడెక్కింది, ఆగిపోయింది.

వీధి చివర టైపు నేర్పే ఏసుపాదం మాస్టారు వచ్చి మూత విప్పారు. ఫ్యాను నిండా కుంకుమ, దుమ్ము.

"ఏమండీ, దీనికి పెళ్ళిగానీ చేశారా?"

"వెటకారం చాలు మాస్టారూ. పాటలున్నాయా, పోయాయా?"

"ఉన్నాయి. నెలకోసారి ప్లగ్గు తీసి మెత్తటి బ్రష్షుతో దులపండి. దానికి గాలాడాలి. పాటలకు ఇంకో నకలు కూడా ఉంచుకోండి" అని వేలెడంత పెన్‌డ్రైవు చేతిలో పెట్టారు.

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం దీపం పెట్టగానే పాటలన్నీ అందులోకి ఎక్కించి, ఊడదీసి, తమలపాకుల పెట్టెలో దాచేది.

ఆ తర్వాత ఒకరోజు తెరమీద ఎర్రటి అక్షరాలు. వైరస్ పట్టింది, వెంటనే ఈ నంబరుకు ఫోను చెయ్యండి అని. కంగారుపడి ఫోను చేసేసింది.

"పాస్‌వర్డు చెప్పండమ్మా, బాగుచేస్తాను" అన్నాడొకడు.

మరిచిపోతానని దాన్ని చీటీమీద రాసి పెట్టెమీదే అంటించుకుంది కదా, చదవబోయింది.

"ఉండు బాబూ, మా మాస్టారిని ఓ మాట అడిగి..."

"ఎవరికీ చెప్పకండి!"

"మంచి పనైతే దాపరికమెందుకురా?" అని ఫోను పెట్టేసింది. చీటీ చింపేసింది. ఎన్నటికీ మరవని పాటలోంచి నాలుగు మాటలు కలిపి కొత్త పాస్‌వర్డు పెట్టుకుంది. ఏ పాటో అడక్కు, చెప్పను.

ఆ తర్వాత ఒక మంగళవారం ఉరుములు, మెరుపులు. ప్లగ్గు తియ్యడం మరిచిపోయింది. దగ్గర్లో పిడుగు పడింది. పెట్టె కాలిపోయింది.

తమలపాకుల పెట్టె చంకన పెట్టుకుని మాస్టారింటికి పరుగెత్తింది. ఆయన కంప్యూటరులో పెట్టి చూస్తే నూట మూడు పాటలు భద్రంగా ఉన్నాయి. సోమవారం ఎక్కించిన ఆఖరి పాట మాత్రం లేదు.

ఇంటికొచ్చి ఆ పాట పాడింది. మూడో చరణం దగ్గర ఆగింది. మళ్ళీ పాడింది. మళ్ళీ అక్కడే ఆగింది. "వదలను" అని మూడోసారి అందుకుంది. అప్పుడు పక్కలో పడుకున్న మనవరాలు, రోజూ వింటున్న పాటే కదా, కళ్ళు మూసుకునే ఆ చరణం అందించింది!

ఎవరే ఆ మనవరాలు? దుప్పట్లో నవ్వుతున్నావేం?

సరే, నాతోపాటు చెప్పు, పడుకుందాం.

దుమ్ము దులిపేది నెలనెలకి,
నకలు తీసేది వారవారానికి,
గుట్టు చెప్పొద్దు ఎవ్వరికీ,
ఉరిమితే చెయ్యి ప్లగ్గుకి,
కథ కంచికి, నకలు మనింటికి!