కొత్తిమీర బేరం, వంకాయలు కొసరు

మా అడవంచున వారానికో రోజు జంతువుల సంత జరిగేది. మీరు చూసుండరు. అక్కడ గుమ్మడికాయ కొంటే ఇంటికి లాక్కెళ్లడానికి నాలుగు జతల ఎడ్లు కట్టాల్సొచ్చేది. పచ్చిమిరపకాయ తుంచితే మూడూళ్ల అవతల ముసలాళ్లు తుమ్మేవాళ్లు. ఇందులో ఆవగింజంత అబద్ధమున్నా నా బోసినోట్లో మళ్లీ ముప్ఫైరెండు పళ్లూ మొలుచుకొస్తాయి.

ఆ సంతలో వెన్నెలమ్మ అనే గేదె వంకాయలమ్మేది. పేరుకే వెన్నెలమ్మ. ఆవిడ అడ్డంగా నిలబడిందంటే పట్టపగలు కోళ్లు గూటికి చేరేవి, అంత నలుపు. వాగుగట్టు మీది నేరేడు చెట్టు కింద ఆవిడ చోటు. సంత మొత్తానికీ నీడంటే అదొక్కటే. తక్కినదంతా పెనంలా కాలే బండ.

ఆవిడ పద్ధతి ఆవిడది. సోలెడు జొన్నలు పోస్తే తక్కెట్లో రాయెత్తు వంకాయలు తూచి ఇచ్చేది. ఆపైన కొసరుగా కొత్తిమీర. కొసరుకి తూకం లేదు, అది ఆ సంత మర్యాద. కొన్నవాళ్లు తమ చేత్తో తామే తీసుకుంటారు. చాలు అనే మాట కూడా వాళ్లే అనాలి.

ఆ నీడ మీద బుల్లెబ్బాయి అనే నక్క కన్ను పడింది. తిన్నగా సంత పెద్ద దగ్గరికెళ్లాడు. పెద్దంటే తాతారావు అనే ఏనుగు.

"తాతా, నేనూ వంకాయలే అమ్ముతాను. నీడ మాత్రం ఎప్పుడూ వెన్నెలమ్మ వదినకేనా?"

"అదీ నిజమే," అన్నాడు తాతారావు. "వచ్చే సంతకి ఇద్దరూ చెరో బుట్ట పెట్టుకోండి. పొద్దు నడినెత్తికొచ్చేలోపు ఎవరి బుట్ట జొన్నలతో నిండితే వాళ్లదే నీడ. రెండోవాళ్లు బండ మీదకి."

"అయ్యో తాతా! అరపూట ఆ బండ మీద కూర్చుంటే నా తోలు అప్పడమైపోతుంది!" అంది వెన్నెలమ్మ.

"అయితే ఓడిపోకమ్మా," అన్నాడు తాతారావు, అంతకంటే ఏం చెప్పాలో తెలీక.

సంత రోజు రానే వచ్చింది. బుల్లెబ్బాయి గొంతు ఏడు కొండలు దాటి వినబడింది.

"రండి బాబూ రండి! వంకాయలు ఊరికే! కొత్తిమీరకే బేరం, వంకాయలు కొసరు!"

మాణిక్యం అనే మేక అందరికంటే ముందు పరిగెత్తింది. "ఊరికేనా? నిజంగానా ఒరే బుల్లెబ్బాయ్?"

"నీతో అబద్ధమా అత్తా? కట్ట కొత్తిమీర సోలెడు జొన్నలు. దానిమీద రాయెత్తు వంకాయలు ఊరికే!"

"మరి వెన్నెలమ్మ దగ్గరో?"

"అక్కడ వంకాయలకి సోలెడు జొన్నలు పొయ్యాలి. ఊరికే వచ్చేది కొత్తిమీరే."

మాణిక్యం నాలుగు గిట్టల మీదా లెక్క వేసుకుంది. "అక్కడ కొత్తిమీర ఊరికే. ఇక్కడ వంకాయలు ఊరికే. రెండింట్లో వంకాయే లావు. కాబట్టి ఇక్కడే లాభం!" అని జొన్నలు పోసేసింది.

వెనకాలున్న కనకలింగం అనే కోతి, "రెండూ ఒకటేగా పిన్నీ?" అన్నాడు.

"ఒకటెలా అవుతాయిరా వెర్రి మొహమా? కొన్న వంకాయకీ ఊరికే వచ్చిన వంకాయకీ తేడా లేదూ?"

కనకలింగం బుర్ర గోక్కున్నాడు. గోక్కుని గోక్కుని ఆ ఒక్క పూటలోనే బట్టతల తెచ్చుకున్నాడు. అయినా తేలక, ఎందుకైనా మంచిదని వరసలో నిలబడ్డాడు. ఆ వరస ఎంత పొడుగంటే, చివరున్న ఉడత నిలబడి నిలబడి ముసలిదైపోయింది.

వెన్నెలమ్మ దగ్గరికి ఈగ కూడా రాలేదు.

"తాతా, నేనిచ్చేదీ అదే, అతనిచ్చేదీ అదే. మరి నా బుట్టెందుకు నిండట్లేదు?"

"అదే ఆలోచిస్తున్నానమ్మా. ఆలోచించి ఆలోచించి తొండం ముడిపడింది," అన్నాడు తాతారావు.

పొద్దెక్కుతోంది. బుల్లెబ్బాయి బుట్ట నాలుగు వేళ్లు తక్కువగా నిండింది. వెన్నెలమ్మకి ఏం తోచక, కొని చూస్తేనన్నా అర్థమవుతుందేమోనని తన ఇంటి జొన్నలు సోలెడు తీసుకుని ఎదర కొట్టుకే వెళ్లింది.

"ఏం వదినా, నా దగ్గరికే బేరానికొచ్చావా!" అని పళ్లికిలించాడు బుల్లెబ్బాయి.

"నాకేం పాలుపోవట్లేదు మరిదీ. ఓ కట్ట కొత్తిమీరివ్వు."

జొన్నలు పోసింది. కట్ట అందుకుంది. అతను తక్కెట్లో రాయి పడేసి వంకాయలు తూచబోయాడు. వెన్నెలమ్మ గిట్ట దానంతటదే వెళ్లి తక్కెడని ఆపింది. కొసరు తూచని ఇరవయ్యేళ్ల అలవాటు మరి.

"అదేంటి మరిదీ, కొసరు తూస్తున్నావు?"

"తూచకపోతే ఎలా వదినా? వంకాయలు కదా!"

"వంకాయలు కొసరన్నావుగా?"

"కొసరే."

"మరి కొసరుకి తూకమేంటి?"

సంతంతా మెడలు సాచి తక్కెడకేసి చూసింది. చీమ నడిస్తే ధన్‌ధన్‌మని వినబడింది.

"ఆగాగు!" అని అరిచింది మాణిక్యం. "నాక్కూడా తూచాడు! నా కొసరు తూచాడీ దొంగ సచ్చినోడు!"

"ఇంతకీ వంకాయలు బేరమా, కొసరా?" అన్నాడు కనకలింగం.

"కొసరే... అంటే బేరమే... అంటే, బేరంలాంటి కొసరు," అన్నాడు బుల్లెబ్బాయి.

తాతారావు తొండం ముడి విప్పుకుని ముందుకొచ్చాడు. "ఒక్కటి చెప్పరా. బేరమైతే, ఊరికే అని అరిచి పోయించుకున్న జొన్నలన్నీ ఎవరివి వాళ్లకిచ్చెయ్యి. కొసరైతే తక్కెడ దించు."

బుల్లెబ్బాయి తన బుట్టకేసి చూశాడు. ఇంకో నాలుగు వేళ్లు! ప్రాణం ఒప్పలేదు.

"కొసరే తాతా," అన్నాడు గొణుగుతూ, తక్కెడ దించాడు.

అంతే. మాణిక్యం కొమ్ములదాకా వంకాయల్లో దూరింది. పొద్దున్న కొన్నవాళ్లంతా మిగతా కొసరుకి తిరిగొచ్చారు. అందరూ నమిలారు, ఒడి నింపుకున్నారు, ఒక్కళ్లూ చాలనలేదు. కళ్లు ఆర్పేలోపు ఆరు బళ్ల వంకాయలు తొడిమలు కూడా మిగలకుండా పోయాయి. మిగిలింది కొత్తిమీరే.

"ఇంకెవరికి బాబూ? కట్ట సోలెడు!" అన్నాడు బుల్లెబ్బాయి ఏడుపు గొంతుతో.

"ఒట్టి కొత్తిమీరకి సోలెడా?" అంది వరస చివరి ఉడత. "వెన్నెలమ్మ దగ్గరది ఊరికేగా!"

వరసంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. పొద్దు నడినెత్తికొచ్చేసరికి వెన్నెలమ్మ బుట్ట నిండి, పొర్లి, జొన్నలు వాగులో పడి, చేపలు ముద్దలు చేసుకుని తిన్నాయి.

"పిన్నీ, ఇంతకీ పొద్దున్న రెండూ ఒకటేనా, కాదా?" అన్నాడు కనకలింగం.

"నోర్మూసుకుని వంకాయ తినరా," అంది మాణిక్యం.

బుల్లెబ్బాయి బండ మీదికి చేరాడు. ఒక కాలు కాలితే ఇంకో కాలు వేస్తూ, నాలుగు కాళ్లూ కాలాక పిలిచాడు.

"వదినా, కాస్త నీడలోకి రానియ్యవా?"

వెన్నెలమ్మకి ఇంకా తికమక తీరలేదు పాపం. మనస్ఫూర్తిగానే అడిగింది.

"నీడ బేరమా మరిదీ, కొసరా?"

ఏదంటే ఏం మునుగుతుందోనని బుల్లెబ్బాయి సాయంత్రం దాకా నోరు విప్పలేదు.

జనాన్ని తికమక పెట్టి అమ్ముకునేవాడు ఏదో ఒక రోజు తన తక్కెడ తనే దించుకుంటాడు.