ఆకాశ లిల్లీ, నేల లిల్లీ

కొరియా కొండల్లోని ఒక చిన్న ఆశ్రమంలో హేవొన్, సోదం అనే ఇద్దరు భిక్షుణులకు ఒక మొక్క గురించి పేచీ వచ్చింది.

ఆ కొండల మీద రెండు రకాల అడవి లిల్లీలు పూసేవి. రెంటికీ గడ్డిపరకల్లాంటి సన్నని ఆకులే. పువ్వు పైకి చూస్తే ఆకాశ లిల్లీ, కిందికి వాలితే నేల లిల్లీ. పూసేదాకా ఏది ఏదో చెప్పడం కష్టం. వంటింటి వెనక వాలులో మొలిచిన మొక్క ఇంకా మొగ్గ తొడగలేదు.

"ఇది ఆకాశ లిల్లీ," అంది హేవొన్.

"నేల లిల్లీ," అని నవ్వింది సోదం. ఆమె వయసులో పెద్దది, ఆశ్రమానికి ముందొచ్చింది. ఆ నవ్వు హేవొన్‌కు గుచ్చుకుంది. ఇద్దరూ భోజనానికి పక్కపక్కన కూర్చోవడం మానేశారు.

దుంపలో ఏదైనా గుర్తు దొరుకుతుందేమోనని హేవొన్ ఒకరోజు ఎవరికీ చెప్పకుండా మొక్కను తవ్వింది. దుంప రాళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది. గట్టిగా లాగేసరికి కాడ విరిగి, దుంప చేతిలో విచ్చిపోయింది. గుర్తూ లేదు, మొక్కా లేదు.

గురువు మ్యోజిన్ వంటింట్లో ముల్లంగి తరుగుతోంది. హేవొన్ వెళ్ళి ఆమె ముందు చేతులు చాపింది.

"అమ్మా, దీన్ని చంపేశాను."

ముసలామె కత్తి పక్కన పెట్టింది. దుంపను వెల్లుల్లి వలిచినట్టు రెబ్బరెబ్బగా విడదీసింది. నలిగిపోయిన రెబ్బ ఒకటి నోట్లో వేసుకుంది.

"రుచిని బట్టి తెలుస్తుందా అమ్మా?" హేవొన్ ఆశగా అడిగింది.

"లేదు తల్లీ. ఆకలేస్తోంది."

తర్వాత సోదంను పిలిచి, మిగిలిన రెబ్బలు చెరిసగం ఇద్దరి చేతుల్లో పోసింది. ఇసుక నింపిన చెక్కతొట్టి మాత్రం ఒకటే ఇచ్చింది.

ఇద్దరూ ముభావంగానే నాటారు. కొన్నాళ్ళకు రెబ్బల అడుగున గింజంత దుంపలు కట్టాయి, దారాల్లాంటి ఆకులొచ్చాయి. మంచు కురిసే రోజుల్లో తొట్టిని చెరోవైపు పట్టుకుని లోపలికి మోశారు. ఎలుకలు తవ్విపోస్తే కలిసి తిట్టుకున్నారు. హేవొన్ జ్వరంతో పడుకున్నప్పుడు సోదం నీళ్ళు పోసి, ఏ ఆకు ఎంత పెరిగిందో మంచం పక్కన కూర్చుని చెప్పింది. మొక్కలు బలపడ్డాక అదే వాలులో నాటారు. ఏళ్ళు గడిచాయి.

ఒక వేసవి పొద్దున మొదటి పువ్వు విచ్చింది. ఎర్రగా, సూటిగా పైకి చూస్తూ.

"అక్కా, నువ్వన్నదే నిజమైంది. ఆకాశ లిల్లీయే," అంది హేవొన్.

"నేనా? నువ్వన్నావనుకున్నానే."

"కాదక్కా, నువ్వే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మ్యోజిన్ కర్ర ఊతంతో మెల్లగా వచ్చి వాళ్ళ వెనక నిలబడింది.

"అమ్మా, ఆ రోజు ఎవరేమన్నామో మీకేమైనా గుర్తుందా?" అని అడిగింది సోదం.

"ఉంది," అంటూ ముసలామె పువ్వు పక్కన చతికిలబడింది. "చెప్పను."