ఎడమవైపు రేకు

ఖాసిం పీరా మేస్త్రిని సలహా అడగడానికి వెళ్ళినవాళ్ళు చాలావరకు సలహా లేకుండానే తిరిగి వచ్చేవారు. ఆయన ఒంగోలు బైపాసు పక్కన నలభై ఏళ్ళుగా బండ్లకు రేకు పని చేస్తున్న మనిషి. సొట్టలు తీయడం, తుప్పు తిన్నచోట కోసి కొత్త రేకు అతకడం ఆయన విద్య. ఆ చుట్టుపక్కల ఈ పని చేసుకుని అన్నం తింటున్నవాళ్ళలో సగంమంది ఆయన దగ్గర సుత్తి పట్టినవాళ్ళే. వాళ్ళు కష్టం వచ్చి ఏదైనా అడిగితే మేస్త్రి అవుననీ అనడు, కాదనీ అనడు. చెప్పులు వేసుకుని "పద, చూద్దాం" అంటాడు. ఆ చూడటంలోనే జవాబు ఉండేది. అది అందినవాడికి అందేది, అందనివాడు మేస్త్రికి వయసు మీద పడిందని చెప్పుకుంటూ పోయేవాడు.

ఒక శనివారం మధ్యాహ్నం ఆయన దగ్గరికి ప్రభుదాసు వచ్చాడు. అతనూ, అతని అన్న సామ్యేలూ ఆ షెడ్డులోనే పని నేర్చుకుని, తర్వాత ఎవరి షెడ్డు వాళ్ళు పెట్టుకున్నారు. సామ్యేలు పోయి మూడేళ్ళయింది. ఆసుపత్రిలో చేర్చిన పన్నెండో రోజున పోయాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు. "నా పక్కన కూర్చుని సుత్తి కొట్టిన మనిషి, ఉన్నట్టుండి పోయాడు" అని ప్రభుదాసు కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. చెప్పి చెప్పి ఆ మాట మీద అతనికి గట్టి నమ్మకం ఏర్పడింది.

ఇప్పుడతను వచ్చింది కారు సంగతి అడగడానికి. సామ్యేలు బతికున్న రోజుల్లో అన్నదమ్ములిద్దరూ కలిసి తుక్కు కింద పోబోతున్న పాత పద్మిని కారు ఒకటి తెచ్చుకున్నారు. ఊరందరి బండ్లూ బాగుచేసే మనకి సొంతానికి ఒకటి ఉండొద్దా అన్నది సామ్యేలు సరదా. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి, కోడికూరతో భోజనం కానిచ్చి, సామ్యేలు ఇంటి పెరట్లో పందిరి కింద ఇద్దరూ దాని మీద పడేవారు. ఎడమవైపు అన్నది, కుడివైపు తమ్ముడిది. నాలుగేళ్ళు పట్టింది బాడీకే. ఇంజను విప్పి పక్కన పెట్టారు, సీట్లు ఇంకా కుట్టించలేదు, అద్దాలు బిగించలేదు. ఆ దశలో సామ్యేలు పోయాడు, కారు ఉన్నచోట ఉన్నట్టే ఆగిపోయింది.

"ఎటూ తేల్చుకోలేక చస్తన్నా మేస్త్రీ," అన్నాడు ప్రభుదాసు. "వదిన అమ్మెయ్యమంటంది. పెరట్లోకి పోతే అదే కనపడతంది, అన్నం సయించట్లేదంటది. కావలి నుంచి ఒక లెక్చరర్ గారు వచ్చి చూసుకుని ముచ్చటపడి పోయాడు. ఇంజను ఎక్కించి ఇస్తే వచ్చే ఆదివారం తీసుకుపోతానన్నాడు, సీట్లూ అద్దాలూ తనే చూసుకుంటాడంట. ఇద్దరు ఆడపిల్లలంట, వాళ్ళని ఎక్కించుకుని తిరుగుతాడంట. నాకేమో చేతులు రావట్లేదు. అన్న చేత్తో కొట్టిన రేకు అది. ఆయనవి అంటూ ఇంకేం మిగిలినయ్ చెప్పండి? బాగుచేసి ఉంచుకోనా, అమ్మెయ్యనా?"

మేస్త్రి చెప్పులు వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ బల్ల మీదున్న చిన్న సుత్తి ఒకటి తీసుకున్నాడు.

సామ్యేలు భార్య ఎస్తేరమ్మ వాళ్ళని చూసి పెరట్లో రెండు కుర్చీలు వేసి, కారు వంక చూడకుండా టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ప్రభుదాసు కారు మీద కప్పిన పట్టా లాగాడు. సూటిగా ఎడమవైపుకే తీసుకెళ్ళాడు మేస్త్రిని. తన పని చూపించుకోవాలన్న ఆలోచన కూడా అతనికి రాలేదు. "చూడండి మేస్త్రీ, అద్దంలా ఉందో లేదో!" అన్నాడు.

మేస్త్రి వంగి, తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడవుగా పోయే రేకు మీద అరచెయ్యి వేసి నెమ్మదిగా జరిపాడు. పైకి ఎవరూ పట్టించుకోని భాగం అది. కానీ ఆ రకం కారుకి అదే నడుము. లోపల కూర్చున్నవాళ్ళ బరువంతా దాని మీదే పడుతుంది.

"సుత్తితో కొట్టిన రేకు అద్దంలా ఉండదురా," అన్నాడు మేస్త్రి. "ఎంత పనోడు కొట్టినా అరచేతికి ఎక్కడో ఒకచోట తగులుద్ది." అని సుత్తి ఎత్తాడు.

ప్రభుదాసు ఆయన మణికట్టు పట్టుకున్నాడు. జన్మలో మేస్త్రి చెయ్యి పట్టుకుని ఆపినవాడు కాదు. "మేస్త్రీ! అది అన్న పని!"

అతను అంతగా ఉలిక్కిపడటానికి కారణం ఉంది. మంచి రేకు మీద సుత్తితో తడితే ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట రేకు వెయ్యకుండా పుట్టీ మెత్తి మూసేస్తే, పైకి ఎంత నున్నగా ఉన్నా, తడితే బియ్యపు బస్తా మీద కొట్టినట్టు పలుకుతుంది. అందుకని ఒకడు పూర్తిచేసిన పని మీద ఇంకొకడు తట్టి చూడటమంటే, నువ్వు దొంగపని చేశావా అని మొహం మీద అడగడమే. వెనకటికి ఈ విషయం మీదే ఇద్దరు పనివాళ్ళు తలలు పగలగొట్టుకున్నారు. ఆ రోజున ఖాసిం పీరా మేస్త్రి ఒక కట్టు పెట్టాడు: నా దగ్గర పనిచేసేవాడెవడూ తోటివాడి పని మీద తట్టకూడదు, సుత్తితోనే కాదు, వేలితో కూడా. షెడ్డు వదిలిపోయిన శిష్యులు కూడా ఆ కట్టు దాటలేదు. నాలుగేళ్ళపాటు అన్న పక్కన కూర్చున్న ప్రభుదాసు ఎడమవైపు రేకు మీద ఒక్కసారి గోరు ఆనించి ఎరగడు. దాన్ని అతను మర్యాద అనుకున్నాడు, ప్రేమ అని కూడా అనుకున్నాడు. రెండూ నిజమే, అదే కదా బాధ.

"ఆ కట్టు పెట్టింది నేనేగా," అన్నాడు మేస్త్రి. "చెయ్యి వదులు."

ముందు మడ్గార్డు మీద తట్టాడు. ఖంగుమంది. తలుపు మీద తట్టాడు, అదీ ఖంగుమంది. ప్రభుదాసుకి ఊపిరి ఆడింది. తర్వాత తలుపుల కింది రేకు మీద జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ వెనక్కి జరిగాడు. మొదటి రెండు మూడు దెబ్బలు పలికాయి. అక్కడి నుంచి వెనక చక్రం దాకా ఒక్క దెబ్బా పలకలేదు. ప్రభుదాసు సుత్తి లాక్కుని తను కొట్టి చూశాడు. ఇంకోసారి కొట్టాడు. లేచి, కారు చుట్టూ తిరిగి వెళ్ళి, కుడివైపున తన రేకు మీద కొట్టాడు. అది ఈ కొస నుంచి ఆ కొస దాకా గుడిగంటలా మోగింది. తన పని మంచిగా పలికినందుకు ఒక మనిషి సిగ్గుతో చచ్చిపోవడం ఎక్కడైనా ఉందో లేదో కానీ, ప్రభుదాసుకి ఆ క్షణాన అదే జరిగింది.

"అన్న జన్మలో పుట్టీ పనికి ఒప్పుకోలేదు మేస్త్రీ," అన్నాడు. "పుట్టీ డబ్బా షెడ్డులోకి రానిచ్చేవాడు కాదు."

"విప్పి చూడు," అన్నాడు మేస్త్రి.

ఉలి తెచ్చి ప్రభుదాసు రేకు అంచున పెట్టి కొట్టాడు. రెండు వేళ్ళ మందాన పుట్టీ పెచ్చులుగా ఊడింది. దాని కింద కోళ్ళగూటికి కట్టే జాలీ. జాలీ వెనక, రేకు ఉండాల్సిన ఖాళీ అంతా కాగితాలు కుక్కి ఉన్నాయి. పైవి పాత న్యూస్ పేపర్లు. లోపలివి మందంగా, మడతలు పెట్టి ఉన్నాయి. ప్రభుదాసు ఒకటి తీసి మోకాలి మీద పెట్టి సాపు చేశాడు. గుంటూరులోని ఒక ఆసుపత్రి చీటీ. రోగి పేరు సామ్యేలు. తేదీ చూశాడు. చనిపోవడానికి పద్నాలుగు నెలల ముందుది. తర్వాతది పన్నెండు నెలల ముందుది. అలా తొమ్మిది చీటీలు. ఒకదాని మీద డాక్టరు, రోగికి అర్థం కావాలనేమో, తెలుగులో రాసి కింద గీత గీశాడు: దుమ్ములో పని వెంటనే మానెయ్యాలి.

ఆ ఏడాది సామ్యేలు చాలాసార్లు గుంటూరు వెళ్ళాడు. ప్రభుదాసుకి బాగా గుర్తుంది. "మంచి రేకు అక్కడే దొరుకుద్దిరా, పోయి తెస్తా" అని వెళ్ళేవాడు. తర్వాతి ఆదివారం తమ్ముడు వచ్చేసరికి ఇంకో జానెడు పని పూర్తయి, పైన బూడిదరంగు ప్రైమరు కూడా పడి ఉండేది. వారం మధ్యలో తీరిక చూసుకుని చేశాలే అనేవాడు. ఇంకేముంది, అన్న పనితనం అలాంటిదని ప్రభుదాసు మురిసిపోయేవాడు. సుత్తి ఎత్తితే ఎగపోత వచ్చే మనిషి, ఇంట్లో ఎవరి కంటా పడకూడని కాగితాలనీ, తన చేతకానితనాన్నీ ఒకే చోట దాచి పైన నున్నగా మెత్తాడు. తమ్ముడు వాటి పక్కనే కూర్చుని కోడికూర బాగుందని మాట్లాడాడు.

ఎస్తేరమ్మ టీ గ్లాసులతో వచ్చి చీటీలు చూసింది. ఆమెకి చదువు తక్కువే గానీ, మొగుడి పేరు గుర్తుపట్టగలదు. గ్లాసులు కింద పెట్టింది.

"ఒక్కో రోజు మంచం మీద లేచి కూర్చుని ఎగపోసేవాడు," అంది. "పెయింటు దుమ్మనేవాడు. పెద్దగా పట్టించుకోలా నేను. మీ ఇద్దరిదీ ఒకే పని, నువ్వు పక్కనే ఉంటివి గదా ప్రభూ. ఏదన్నా ఉంటే నీకు తెలియకుండా ఉండదులే అనుకున్నా."

"ఇంట్లో ఉన్నదానివి, నీకు తెలియకుండా ఉండదనుకున్నాను వదినా" అని అతనూ అనొచ్చు. కానీ అదీ నిజం కాదు. అతను ఏమీ అనుకోలేదు, అసలు అటు చూడలేదు. "నాకు తెలియలేదు వదినా," అన్నాడు. ఆమె తొమ్మిది చీటీలూ ఏరుకుని, దుమ్ము దులిపి, కొంగున ముడివేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

ప్రభుదాసు అక్కడే నిలబడి కావలి లెక్చరర్ గారికి ఫోను చేశాడు. ఈ కారు మనుషుల్ని ఎక్కించుకునేది కాదండీ, గుంటలో పడితే నడిమికి విరుగుద్ది, క్షమించండి అని పెట్టేశాడు. ఇద్దరు ఆడపిల్లల్ని అందులో కూర్చోబెట్టి, సంతోషంగా చెయ్యూపి పంపేవాడే కదా తను. పోనీ ఉంచుకుందామంటే, అన్న పనిని పెచ్చు పెచ్చుగా ఊడదీసి పారెయ్యకుండా అది కారు కాదు. అన్న చేతిపని అని మూడేళ్ళు కావలించుకుని కూర్చున్నది అన్న దాచుకున్న చావు.

"ఒక్క దెబ్బ మేస్త్రీ," అన్నాడు ఏడుస్తూ. "ఒక్కసారి తట్టి చూసుంటే దొరికిపోయేవాడు. మెడ పట్టుకుని ఆసుపత్రిలో పడేసేవాణ్ణి. మర్యాద అనుకున్నా."

మేస్త్రి ఊడిన పుట్టీ పెచ్చులు కాలితో ఒక పక్కకి నెట్టి, కారు మీద పట్టా కప్పాడు.

తిరిగి షెడ్డుకి వచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. శనివారం ఒంటిపూట పని కాబట్టి పనివాళ్ళు వెళ్ళిపోయారు. ప్రభుదాసు మొహం కడుక్కుని వచ్చి, అడగడానికి వచ్చిన మాట మళ్ళీ అడిగాడు. "కారు సంగతి ఏమీ చెప్పకపోతిరి. ఊడదీసి కొత్త రేకు వెయ్యనా, తుక్కు కింద ఇచ్చెయ్యనా?"

మేస్త్రి అతన్ని లోపలికి తీసుకెళ్ళాడు. స్టాండు మీద ఒక లారీ మడ్గార్డు, ప్రైమరు వేసి ఆరబెట్టి ఉంది.

"ఇది ఎవరి పనో చెప్పు."

"మీదే. చూస్తే తెలియట్లా?"

మేస్త్రి సుత్తి అతని చేతిలో పెట్టాడు. "తట్టు."

ప్రభుదాసు సుత్తి వెనక్కి ఇవ్వబోయాడు. "మీ పని మీద నాకు చెయ్యి లేవదు మేస్త్రీ."

"మీ అన్న పని మీదా అట్టాగే లేవలా."

ప్రభుదాసు తట్టాడు. మడ్గార్డు పైభాగం ఖంగుమంది. కింద, చక్రం వంపు దగ్గర పలకలేదు. పొరపాటున చెయ్యి తేలిపోయిందేమోనని ఇంకోసారి తట్టాడు. బస్తా మీద కొట్టినట్టే ఉంది. అతను సుత్తి దించాడు. తలెత్తి మేస్త్రి మొహంలోకి చూశాడు. అప్పటికి మేస్త్రి స్టూలు లాక్కుని, ఎగపోస్తూ కూర్చున్నాడు.

"కారు సంగతి తర్వాత అడుగుదువులే," అన్నాడు. "ముందు నా సంగతి అడుగు."